గుండ్రటి ముద్ర వేసి పంపిన తాళంచెవి

తలాస్ పట్టణం చివర చిక్కుడు గింజల గిడ్డంగిలో కంప్యూటర్ల పని చూసే ఎర్మెక్‌కి మనుషుల మాట మీద నమ్మకం తక్కువ. లైను బాగానే ఉందని ఎవరైనా చెబితే తల ఊపి, తన గదికి వెళ్ళి, నల్లటి తెర మీద ఆదేశం కొట్టి, అది కూడా అదే మాట చెప్పాక గానీ ఒప్పుకునేవాడు కాదు. పూర్వం టెలిఫోను శాఖలో స్తంభాలెక్కి తీగలు పరీక్షించిన మనిషి. ఇంట్లో పులుసులో ఉప్పు సరిపోయిందా అని భార్య అడిగినా, రెండో గరిటె పోయించుకుని గానీ జవాబు చెప్పడు.

అతను నోరు విప్పి మాట్లాడే విషయం ఒక్కటే, పాస్‌వర్డులు. లారీలు తూకం వేసే బూబూష్ ఎజే తన పాస్‌వర్డుని, అంటే మనవడి పేరుని, చీటీ మీద రాసి తూకం యంత్రానికే అంటించుకుంది. గిడ్డంగిలో అందరికంటే పెద్దావిడ, అందుకే అందరికీ ఎజే, అంటే అక్క. డ్రైవర్లు సైతం దాన్ని చదివి, "నీ మనవడు ఎలా ఉన్నాడు, ఎజే?" అని, మనవడి పేరు కూడా చెప్పి మరీ పలకరిస్తున్నారని తెలిసి ఎర్మెక్ ఆ చీటీ పీకేశాడు. అంతటితో ఆగకుండా అందర్నీ భోజనాల గదిలో కూర్చోబెట్టి ఉపన్యాసమిచ్చాడు. మనవడి పేరు కూడదు, గుర్రం పేరు కూడదు, పూర్తి వాక్యం పెట్టుకోవాలి.

"మనసులో ఉండి నోటితో అనలేని మాట ఉంటుంది చూడండి, అది పెట్టుకోండి. ఎవరూ కనిపెట్టలేరు, మీరూ మర్చిపోలేరు" అన్నాడు.

అందరూ కాసేపు ఎవరి ఆలోచనలో వాళ్ళు పడ్డారు. ఆ తర్వాత ఎవరూ పాస్‌వర్డు మర్చిపోయామని అతని గదికి రాలేదు.

ఆ శరదృతువులో రాజధాని బీష్కెక్‌లోని ప్రధాన కార్యాలయానికి వెళ్ళే లైను రోజూ మధ్యాహ్నం తెగిపోవడం మొదలుపెట్టింది. తూకం లెక్క అవతలికి చేరితేనే లారీ కదలాలి. గేటు దగ్గర లారీలు బారులు తీరాయి, డ్రైవర్లు రోడ్డు పక్కనే పొయ్యి వెలిగించి టీ కాచుకోసాగారు. బీష్కెక్ వాళ్ళు తప్పు తలాస్‌దన్నారు. డైరెక్టర్ కల్మురాత్ గారు ఎర్మెక్‌ని పిలిచి, ఈ వారంలో లైను బాగుపడకపోతే తన బావమరిదికి కూడా కంప్యూటర్లు వచ్చని గుర్తుచేశారు.

ఎర్మెక్ రుజువు వెతికే పనిలో పడ్డాడు. రెండు యంత్రాలు గుట్టుగా మాట్లాడుకోవాలంటే ముందు ఒక తాళం, దానికో చెవి కుదుర్చుకుంటాయి. ఆ ఒప్పందాన్ని చిన్న ఫైలుగా దాచుకోవచ్చు. మామూలుగా తెరిస్తే అది పిచ్చిరాతలా ఉంటుంది, సరైన ఆదేశం కొడితే వరసలుగా విడిపోతుంది: ఏ తాళం వాడారు, మాట ఎప్పుడు మొదలైంది, ఎంతసేపు చెల్లుతుంది. ఎర్మెక్ బీష్కెక్ యంత్రానికి స్వయంగా ఫోను కలిపినట్టు కలిపి, తన పాస్‌వర్డు కొట్టి లోపలికి వెళ్ళాడు. ఒప్పందాన్ని ఒక ఫైలులో దాచి, లైను తెగేదాకా తీగ మీద పోయిన తాళం వేసిన మాటల రొదనంతా మరో ఫైలులో పట్టాడు. తర్వాత ఒప్పందం విప్పి చూశాడు. రెండు గంటలు చెల్లుతుందన్న మాటను పది నిమిషాలకే అవతలివాళ్ళు తుంచేశారు. ఇవతల తప్పేమీ లేదు.

అతను పరిగెత్తడం అంతకుముందు ఎవరూ చూడలేదు. ఆ రోజు పరిగెత్తాడు.

డైరెక్టరుకి తెర మీద చూపిస్తే సరిపోలేదు. కాగితం కావాలన్నారు. విప్పిన ఒప్పందాన్ని అచ్చు తీసి ఇస్తే అటూ ఇటూ తిప్పి, మధ్యలో ఒక పొడవాటి అంకెల వరస మీద వేలు పెట్టి, ఇది చాలా గట్టిగా కనిపిస్తోందన్నారు. బీరువాలోంచి గుండ్రటి ముద్ర తీసి, ఊది, సరిగ్గా ఆ వరస పక్కనే వేశారు. దాంతోపాటు రొద పట్టిన ఫైలు కూడా బీష్కెక్‌కి పంపించమని, ఏదీ దాచినట్టు కనపడకూడదని ఆజ్ఞాపించారు. తన పేరుతోనే పంపారు. నకలు ఒకటి గోడకి కూడా అంటించారు.

ఎర్మెక్ టీ గ్లాసుతో ఆ నకలు ముందు నిలబడి మురిసిపోతుండగా ఆ వరస పేరు చదివాడు. అదే తాళంచెవి. ఇలాంటి కాగితం ఎవరికైనా చూపించే ముందు ఆ వరస చెరిపెయ్యాలని తనే అందరికీ చెబుతాడు. ఆ చెవి ఉన్నవాళ్ళు రొద పట్టిన ఫైలుని మామూలు మాటల్లా చదువుకోవచ్చు. అందులో మొట్టమొదట ఉన్నది అతని పాస్‌వర్డు.

గదికి పోయి వెంటనే దాన్ని మార్చేశాడు. ఇక దాంతో ఎవరూ దేనిలోకీ రాలేరు. కానీ చదవగలరు. అతను తన ఉపన్యాసాన్ని తు.చ. తప్పకుండా పాటించిన మనిషి.

బీష్కెక్‌లో ఈ పనులు చూసే పెరిజాత్ అనే అమ్మాయికి ఫోను చేశాడు. తన వయసులో సగం ఉంటుంది. ఆ ఫైలు తెరవకుండా పారేయమని, అందులో ఏమీ లేదని చెప్పాడు.

"మీరు ఫోను చెయ్యకపోతే తెరిచేదాన్ని కాదు, బైకే" అంది పెరిజాత్. బైకే అంటే అన్నగారు, పెద్దవాళ్ళని పిలిచే మర్యాద.

కాసేపు కీలు నొక్కుతున్న చప్పుడు. తర్వాత ఎవరో చున్నీలో మొహం దాచుకున్నట్టు ఒక శబ్దం.

లైను తప్పు తమదేనని, సాయంత్రానికి సరిచేస్తానని ఆమె ఒప్పుకుంది. అయితే తాళంచెవి బయటికి వచ్చిందని నివేదిక రాయక తప్పదు, అది నియమం. వాక్యం ఏమిటో మాత్రం రాయదు. కానీ నివేదిక వెళ్ళేది కల్మురాత్ గారికే, ఆయన అడక్క మానరు. "మీరే ముందు చెప్పేసుకోండి" అంది.

ఎర్మెక్ వెళ్ళి చెప్పాడు. ముద్ర వేసి పంపిన కాగితంలో తన పాస్‌వర్డు బయటపడే దారి ఉందన్నాడు. తప్పు తనదేనన్నాడు.

"ఏంటది?"

"మార్చేశాను, బైకే."

"పాతదే అడుగుతున్నా."

ఎర్మెక్ కిటికీలోంచి లారీల్ని చూస్తూ చెప్పాడు: "కల్మురాత్ జీతం పెంచడు, బొజ్జ పెంచుతాడు."

డైరెక్టర్ గారి చెయ్యి ఒకటి దానంతట అదే కోటు గుండీ పెట్టుకోబోయి, అందక విరమించుకుంది.

"ఒట్టి కల్మురాతా?" అన్నారు చివరికి. "బైకే ఏదీ?"

"అంత పొడవు యంత్రం తీసుకోలేదు."

ఆ సమాధానం ఆయన్ని మరింత నొప్పించింది. అప్పటికప్పుడు రెండు ఉత్తర్వులు రాశారు. మొదటిది, సిబ్బందిలో ఎవరూ పాస్‌వర్డులో డైరెక్టరు పేరు వాడరాదు, వాడినవాళ్ళు మర్నాడు ఉదయానికల్లా మార్చుకోవాలి. దాన్ని గోడకి అంటించారు. రెండోది ఎర్మెక్‌ని తీసెయ్యడం గురించి. సంతకం పెట్టకుండా బల్ల మీద ఉంచారు, బావమరిదిని అడగాలి గనక.

మర్నాడు లైను తెగలేదు. లారీలు కదిలాయి. కల్మురాత్ గారు ఆఫీసుకి వచ్చేసరికి ఎర్మెక్ గది ముందు మొదలైన వరస భోజనాల గది దాటి మెట్లదాకా ఉంది. అందరికంటే ముందు బూబూష్ ఎజే, కుర్చీ కూడా తెచ్చుకుంది.

"ఏంటిదంతా?" అన్నారాయన.

"మార్చుకోమన్నావు గదా నాయనా" అంది బూబూష్ ఎజే. "పొద్దున్నే వచ్చాం. పని చెడకూడదని."

ఆయన వరస పొడవునా చూశారు. చివర ఆయన సొంత డ్రైవరు నిలబడి బూట్లు పరీక్షించుకుంటున్నాడు. ఆయన లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నారు. కొంతసేపటికి ఎర్మెక్‌కి కబురొచ్చింది.

రెండో ఉత్తర్వు బల్ల మీద నాలుగు ముక్కలుగా ఉంది.

"వాళ్ళంతా ఏం పెట్టుకున్నారో నీకు కనపడుతుందా?"

"నాక్కూడా కనపడదు, బైకే. అలా కట్టుదిట్టం చేశాను."

కల్మురాత్ గారు ఆ మాట గురించి ఆలోచించారు.

"అలాగే ఉండనీ" అన్నారు.

ఎర్మెక్ గదికి తిరిగొచ్చాడు. బూబూష్ ఎజే అప్పటికే యంత్రం ముందు కూర్చుని, కొత్త వాక్యం కోసం పైకప్పు వంక చూస్తోంది. ఆలోచన తట్టినట్టు ఒక్కసారి అతని వైపు చూసి, నవ్వి, చకచకా కొట్టడం మొదలుపెట్టింది. ఆమె వేళ్ళు కనపడకుండా ఎర్మెక్ గోడ వైపు తిరిగి నిలబడ్డాడు.