ఈత బరిగెలూ, మనవరాలి తుపాకీ ఆటా

పోయిన ఆదివారం పొద్దున్నే, మన్సూరాబాద్‌లో మా అమ్మాయి వాళ్ళింటి బాల్కనీలో కూర్చుని కాఫీ తాగుతుంటే, లోపలి గదిలోంచి తొమ్మిదో తరగతి చదివే మా మనవరాలి కేక వినబడింది. "మెట్ల కింద దాక్కున్నడే, ఒదలకు, తలకాయకు కొట్టు... సచ్చిండు! ఇంకోణ్ని లేపెయ్!" ఉలిక్కిపడి లేచేసరికి కాఫీ నా పంచె మీద ఒలికింది. అయ్యబాబోయ్, గచ్చు మీద చీమలబారు కనిపిస్తే చీపురు పక్కన పెట్టి దాటుకుపోయే పిల్లండీ అది! పరుగున వెళ్ళి చూస్తే చెవులకు హెడ్‌ఫోన్సు, చేతిలో ఫోను, ఫోనులో తుపాకీ.

ఆ రాత్రే మా అమ్మాయి కళ్ళు తుడుచుకుంటూ నా దగ్గర కూర్చుంది. ఈ ఆటలు ఆడే పిల్లలు కత్తులు పట్టుకునేదాకా వెళుతున్నారని టీవీలో చూసిందట, అప్పటినుంచీ దానికి నిద్ర లేదు. అబ్దుల్లాపూర్‌మెట్ అవతల, ఫోను ముట్టనివ్వని హాస్టలు బడి ఒకటి చూసి వచ్చింది. "నువ్వు ఎన్ని వందలమంది పిల్లల్ని చూశావు నాన్నా, నువ్వు ఊఁ అంటే వచ్చే వారం చేర్పించేస్తాను" అంది. అంటే ఆ పిల్ల ఇంట్లో ఉండాలో పోవాలో నా ఒక్క మాట మీద ఆధారపడింది. ఊఁ అనడానికే సిద్ధపడ్డాను. అలా అనడానికి నా దగ్గర పాత సాక్ష్యం కూడా ఉందనుకున్నాను.

కోస్తా నుంచి వచ్చిన కొత్తలో నేను దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక మేడమీద గదిలో కిరాయికి కాపురముంటూ, అక్కడే లెక్కల ట్యూషన్ చెప్పేవాణ్ణి. అప్పటికి మెట్రో లేదు, ఎల్‌బీ నగర్ అంటే బస్సు ఎక్కి విజయవాడ వైపు పోయే చోటు, అంతే. మా మేడ కిందనే, నల్ల పరదా వేలాడేసిన వీడియో గేముల దుకాణం ఉండేది. పరదా వెనక పెట్టెల్లాంటి మిషన్ల మీద బొమ్మ మనుషులు ఒకళ్ళనొకళ్ళు గుద్దుకుంటూ ఉండేవాళ్ళు, వాళ్ళ ముందు మా ట్యూషన్ ఎగ్గొట్టిన పిల్లలు ఊపిరి బిగబట్టి నిలబడి ఉండేవాళ్ళు. వీళ్ళంతా రేపు రౌడీలవుతారని నేను కనబడిన ప్రతి తండ్రికీ చెప్పేవాణ్ణి.

ఆ తండ్రుల్లో ఒకాయన నల్లగొండ వైపు నుంచి వచ్చిన లారీ డ్రైవరు. ఊరికి వెళ్ళొచ్చినప్పుడల్లా నాకు సీతాఫలాలతో పాటు ఈత బరిగెల కట్ట తెచ్చేవాడు. బరిగె అంటే మన బెత్తమే. ముళ్ళు చెక్కి, అరచేత్తో నున్నగా రుద్ది, రెండు చేతులతో నా చేతికిచ్చి, "కండ్లు తప్ప యాడనన్న కొట్టుండ్రి సారూ, మా పోరడు మంచిగ సదివితె సాలు" అనేవాడు. గురువుకు బరిగె తెచ్చివ్వడం వాళ్ళకు మర్యాద, పుచ్చుకోవడం నాకు గౌరవం. ఎంత మురిసిపోయేవాణ్ణో! ఏ బరిగె బాగా వంగుతుందో గాల్లో ఊపి చూసుకునేవాణ్ణి కూడా.

ఒకరోజు ఆయన కొడుకునే పరదా తోసుకుని వెళ్ళి, కాలరు పట్టుకుని, మెట్లమీదుగా పైకి ఈడ్చుకొచ్చాను. అందరి ముందూ చెయ్యి చాపమన్నాను. వాడు చాపి, దెబ్బ పడేలోపు వెనక్కి లాక్కోబోయాడు, బరిగె చిటికెన వేలి కణుపు మీద పడింది. వేలు వాచి నల్లబడితే నేనే దవాఖానకు తీసుకెళ్ళి కట్టు కట్టించాను. సాయంత్రం తండ్రి వచ్చి ఆ కట్టు చూశాడు. నన్ను కొడతాడేమోనని రెండడుగులు వెనక్కి వేశాను. ఆయన నాకు దండం పెట్టాడు.

వాడు మళ్ళీ ఆ పరదా తొలగించింది లేదు. అదే నా సాక్ష్యం. కానీ ఆ తర్వాత ఒక వారానికి జరిగింది ఇన్నేళ్ళూ ఎందుకు పక్కన పెట్టానో నాకే తెలియదు. మెట్ల మీద చప్పుడైతే తొంగి చూశాను. వాడు మా ఇంటి యజమాని చిన్నపిల్లలు ముగ్గుర్ని వరసగా నిలబెట్టి, కట్టు లేని చేత్తో పుల్ల పట్టుకుని, అచ్చం నా గొంతుతో, "చెయ్యి చాపు" అంటున్నాడు. ఆఖరి పిల్ల ఏడుస్తోంది. వాడు ఆ మిషన్ల మీది గుద్దులాట ఆడటం లేదు, నన్ను ఆడుతున్నాడు. నేనేం చేశాననుకుంటున్నారు? నవ్వుకున్నాను. వీడు పెద్దయితే మాస్టారవుతాడని నా భార్యను పిలిచి మరీ చూపించాను. ఛీ, తలుచుకుంటే ఇప్పుడు ఒళ్ళు జలదరిస్తోంది.

నిన్న సాయంత్రం మనవరాలికి హాస్టలు సంగతి నేనే చెబుదామని దాని గదిలోకి వెళ్ళాను. మూడుసార్లు పిలిచాను. హెడ్‌ఫోన్సులో వినబడలేదు, తల తిప్పలేదు. ఎక్కడినుంచి వచ్చిందో ఆ కోపం, నా కుడిచెయ్యి దానంతటదే పైకి లేచింది. నా దగ్గర చదివిన పిల్లలైతే నేను భుజం కదిలిస్తే చాలు, మోచేతులు మొహానికి అడ్డం పెట్టుకునేవాళ్ళు. ఇది తలెత్తి, నా లేచిన చెయ్యి చూసి, మొహమంతా నవ్వుతూ తన చెయ్యి కూడా పైకెత్తి నా అరచేతికి ఫట్టుమని తాటించింది. "తాతయ్యా, గెలిచినం! నీకెట్ల తెలిసింది?" అంది.

నేను దాని పక్కన మంచం మీద కూర్చున్నాను. రోజూ ఫోనులో అంతమందిని చంపే పిల్లకు, కొట్టడానికి లేచిన చెయ్యి ఎలా ఉంటుందో తెలియదు! ఆట సంగతి ఏం తేల్చమంటారు నన్ను? అది చూస్తే నాకు ఇప్పటికీ గాభరాగానే ఉంది, కొంచెం తగ్గించమని చెప్పాను, సరేనంది. మా అమ్మాయి మెట్రో దిగి ఇంటికి రాగానే హాస్టలు వద్దమ్మా అన్నాను.

ఆ పరదా దుకాణం ఏనాడో పోయింది, అక్కడ ఇప్పుడు కళ్ళజోళ్ళు అమ్ముతున్నారు. ఆ నల్లగొండ పిల్లవాడు ఎక్కడున్నాడో, ఆ వేలు తిన్నగా వంగుతోందో లేదో, కనుక్కోవాలని ఒక్కసారీ అనిపించలేదు నాకు. ముప్పై ఏళ్ళు చెప్పిన చదువులో ఎన్ని అరచేతులు నా ముందు చాపించానో లెక్కలేదు. నవ్వుతూ ఒక పిల్ల తనంతట తాను నా ముందు చెయ్యి ఎత్తడం మాత్రం నిన్ననే చూశాను.