భద్రమ్మ చేన్ల ఎండని జాగా

సోయా కోతకొస్తే మధ్యాహ్నం ఎండకు చేనంత చిటపటలాడుతది. ఎండిన కాయ టప్పున పగిలి గింజ ఎగిరి పడుతది. ఇక్కడొకటి, అక్కడొకటి, అంతల్నే ఒక్కసారి పది. అందుకే మంచు ఆరకముందే కోత మొదలుపెట్టి, పొద్దు నెత్తిమీదికొచ్చేసరికి కొడవలి పక్కన పెట్టాలె. కల్వకుర్తి దిక్కు పత్తి, పల్లికాయ తప్ప ఎరుగని భద్రమ్మకు ఇదంతా కొత్త. ఆమెకు యాభై ఆరేండ్లు. రెండేండ్లు వరసగా పత్తి దెబ్బతింటే కొడుకు రాజేశ్ పట్టుబట్టి నాలుగెకరాల్ల సోయా వేసిండు.

పంట బాగనే వచ్చింది. ఆకు పండి రాలింది, కాయ గోధుమరంగుకు తిరిగింది. చేను నడుమ గుండ్రంగ ఒక జాగా మాత్రం అట్లనే ఉంది. రెండు ఎడ్లబండ్లు పట్టేంత జాగా. అక్కడ మొక్కలు నిన్న మొన్న పూతకొచ్చినట్టు పచ్చగున్నయి.

"కింద తడి ఉన్నట్టుందమ్మా" అన్నడు రాజేశ్.

కింద ఏమున్నదో భద్రమ్మకు ఎరుకే. ఇన్నేండ్లు ఆ జాగాను దున్ననియ్యలేదు. ఈసారి ఆమె ఊర్ల లేనప్పుడు ట్రాక్టర్ అంతా కలిపి దున్నింది.

అక్కడ ఒకప్పుడు బావి ఉండె. ముప్పై ఏడేండ్ల కింద, ఆమె పెండ్లై వచ్చిన రెండో ఏడు, కరువుకు అది అడుగంటింది. మామ బుచ్చయ్య ఇంకింత లోతు తవ్వాలన్నడు. మరిది హనుమంతు గడ్డపార పట్టుకొని దిగిండు. భద్రమ్మ, ఆమె పెనిమిటి దుర్గయ్య ఒడ్డు మీద నిలబడి మట్టి గంపలు పైకి గుంజుతున్నరు. "గుంజు వదినె" అని కింది నుంచి కేకేసిండు హనుమంతు. గుంజింది. గంప సగానికి రాకముందే పడమటి ఒడ్డు జారింది. తాడు ఆమె అరచేతుల్ల ఒక్కసారి బిగుసుకొని, వదులైంది.

రెండు రోజులు ఊరంతా కలిసి తవ్వింది. తవ్వినకొద్దీ ఒడ్డు జారుడే. దిగినోళ్లు పానం దక్కితే చాలని పైకొచ్చిన్రు. తమ్ముని కోసం నేను దిగుత అని దుర్గయ్య నడుముకు తాడు కట్టుకున్నడు. మూడో రోజు తెల్లారంగనే బుచ్చయ్య తానే పార పట్టి బావిలకు మట్టి తోసుడు మొదలుపెట్టిండు.

భద్రమ్మ అప్పుడు ఒడ్డున బోర్ల పండుకొని నేలకు చెవి ఆనించి ఉంది.

"మామా, ఆగు. గడ్డపార చప్పుడొస్తాంది. మూడు దెబ్బలు. జర ఆగి, మల్ల మూడు."

"మట్టి దిగుతాంది బిడ్డా."

"కాదు మామా, నువ్వొక్కసారి విను."

"ఉన్న ఒక్క కొడుకునన్న నాకు మిగలనియ్యి" అన్నడు బుచ్చయ్య. వంగి వినలేదు. సాయంత్రానికి బావి నిండింది.

ఆ తర్వాత బుచ్చయ్య బతికినన్ని రోజులు నేల మీద పండుకోలేదు. పానం పోయే ముందు కిందికి దించబోతే మంచం పట్టెను రెండు చేతులతోని పట్టుకొని వదల్లేదు. మంచం మీదనే పోయిండు. దుర్గయ్య సుత పోయి ఆరేండ్లైంది. భద్రమ్మకు మాత్రం ఆ చప్పుడు మల్ల ఎన్నడూ వినబడలేదు.

సోయా కోత మొదలైన రోజు వినబడ్డది. పొద్దు నడినెత్తికొచ్చింది. కాయలు పగులుతున్నయి. ఉన్నట్టుండి చేనంత గప్‌చిప్ అయింది. పాదాల కింద మూడు దెబ్బలు. ఆగి, మూడు. "కింద మూడు మూడు దెబ్బలు వినబడుతున్నయా?" అని కొడుకును అడిగింది.

"కాయలు పగులుతున్నయమ్మా" అన్నడు రాజేశ్, చేతిల కట్ట కింద పెట్టకుంటనే.

కూలీలు దొరకలేదు. మూడో రోజు రాజేశ్ హార్వెస్టర్ కిరాయికి తెచ్చిండు. దాన్ని నడిపే ముజాహిద్ కల్వకుర్తి మనిషి, ఈ ఊరికి కొత్త. అంచుల నుంచి కోసుకుంట కోసుకుంట మిషిని పచ్చటి జాగా దగ్గరికి వచ్చేసరికి భద్రమ్మ పోయి దానికి అడ్డం నిలబడ్డది. ముజాహిద్ ఇంజన్ బంద్ చేసి దిగిండు.

"ఏమైందమ్మా?"

ఆమె అక్కడి నుంచి జరగలేదు. ముజాహిద్ ఇంకో మాట అడగబోయి ఆగిండు. తన కాళ్ల దిక్కు చూసుకున్నడు. మెల్లగ ఒక అడుగు వెనక్కి వేసిండు.

"అమ్మా, గీ కింద ఎవరన్న పని చేస్తున్నరా?"

ముజాహిద్ వేళ్లతోని లెక్కపెట్టుకున్నడు. "మూడు… మల్ల మూడు."

రాజేశ్‌కు ఏమీ వినబడలేదు. కాని ఊరు, ముచ్చట ఏదీ ఎరుగని మనిషి నోట ఆ మాట వచ్చేసరికి వాని చేతుల మీద రోమాలు లేచినయి.

ముజాహిద్ మిషిని వెనక్కి తీసిండు. ముందటి చక్రాలు ఆగిన చోట నేల జానెడు దిగింది. పొద్దు వాలకముందే పచ్చటి జాగా మొత్తం దిగిపోయింది. చప్పుడు లేదు, దుమ్ము లేదు. మొక్కలు ఒక్కటి సుత వాలలేదు. నిలువుగ నిలబడే లోపలికి పోయినయి. ఒడ్డు మీది నుంచి వంగి చూస్తే నాలుగు నిలువుల లోతుల పచ్చగ కనబడుతున్నయి.

సర్పంచ్‌కు చెప్పి, జేసీబీ పెట్టి, నాలుగు రోజులు తవ్విన్రు. బావి అడుగున ఏమీ దొరకలేదు. తూర్పు గోడకు మాత్రం మనిషి వంగి పట్టేంత సొరంగం ఉంది. అది మెల్లగ పైకెక్కుకుంట పోయింది. తొమ్మిది గజాలు. నడుమ అడ్డమొచ్చిన గట్టిరాయిని సుత తొలిచింది. దాని కొసకు మనిషి ఎముకలు దొరికినయి, పక్కన గడ్డపార. నిలువెత్తు గడ్డపార అరిగి అరిగి జానెడు మిగిలింది. అక్కడి నుంచి పైకి ఇంక రెండు మూరలే.

"ఇది రెండు మూడు రోజుల పని కాదు" అన్నడు జేసీబీ నడిపేటాయన. "ఏండ్లు పడుతది." ఆ మాట అని, అన్నందుకు తానే భయపడి బండెక్కి కూసున్నడు.

హనుమంతును చేను గట్టుకు బొంద పెట్టిన్రు. ఊరంతా వచ్చింది. భద్రమ్మ ఏడ్వలేదు. మీద మన్ను పోస్తుంటే మాత్రం చూడలేక అటు తిరిగి నిలబడ్డది.

ఇంక అర ఎకరం కోత మిగిలే ఉంది. ముజాహిద్ మిషిని మల్ల తేనన్నడు. మర్నాడు మంచులనే తల్లీకొడుకులు కొడవండ్లు పట్టుకొని పోయిన్రు. రెండు సాళ్లు కోసినంక రాజేశ్ అడిగిండు.

"చప్పుడొస్తుందని నువ్వు అప్పుడు చెప్పినవా అమ్మా?"

"చెప్పిన."

"ఎవ్వరూ వినకపోతే?"

"ఇంటికి పోయి వంట చేసిన."

రాజేశ్ కొడవలి పట్టుకొని అట్లనే నిలబడ్డడు. పొద్దెక్కుతాంది. దూరంగ ఎక్కడనో మొదటి కాయ పగిలింది. భద్రమ్మ కొంగు బిగించి పక్క సాలుకు వంగింది.