సఖీర్ ఎడారిలో తూర్పు గుమ్మం

వచ్చే జూన్‌లో నేను రిటైరవుతాను. ఆ తర్వాత ఎలా బతకాలన్న దాని మీద మా ఇంట్లో రెండు పార్టీలు. మా ఆవిడ మాణిక్యానిది కాకినాడలో రెండు పడగ్గదుల ఫ్లాటు పార్టీ. నాది, ఇంటినే చక్రాల మీద పెట్టుకుని దేశమంతా తిరిగే పార్టీ. పడక, వంటిల్లు, బాత్రూమ్ అన్నీ లోపలే ఉండే బండ్ల వీడియోలు ఏడాదిగా చూస్తున్నాను. చూసి ఊరుకోకుండా అన్నం తింటూ ఆవిడకి కూడా చూపిస్తున్నాను. చివరికి ఓ రోజు పప్పులో పోపు వేస్తూ మాణిక్యం తేల్చేసింది.

"ఏవండీ, ముందు ఇక్కడే ఓ బండి అద్దెకు తీసుకోండి. రెండు రాత్రులు ఉందాం. పాసైతే కొనుక్కుందాం. ఫెయిలైతే మాత్రం ఆ మాట మళ్ళీ నా చెవిన పడకూడదు."

బహ్రెయిన్‌లో చలికాలమంతా జనం సఖీర్ ఎడారిలో గుడారాలు వేసుకుంటారు. ఇరవై రెండేళ్ళుగా ఇక్కడే ఉంటున్నాం గానీ ఒక్కసారీ వెళ్ళలేదు. జనవరిలో ఓ గురువారం సగం రోజు సెలవు పెట్టాను. మీలో ఎవరికైనా ఇలాంటి సరదా ఉంటే నా వెనకాలే రండి, కాకపోతే నేను చేసినవేవీ చేయకండి.

మధ్యాహ్నం ఒంటిగంటకి మేముండే మహూజ్‌లో బస్సెక్కి ముహర్రక్‌లో దిగి, అక్కణ్ణించి టాక్సీలో గలాలీ చేరాను. బండి యజమాని స్థానికుడు. ఆయన షెడ్డులో బండ్లు కడిగి, రిపేర్లు చూసే రాజన్న మనవాడే. జగిత్యాల దగ్గరి పల్లె. నలభై ఏళ్ళుంటాయి. తెల్లగా, రొట్టెల పెట్టెలా ఉన్న బండి ముందు నిలబడి, "ఏం సారు, మొదటిసారా?" అన్నాడు.

"మొదటిసారే గానీ, అన్నీ తెలుసులే" అన్నాను. కంపెనీలో ఇరవై రెండేళ్ళుగా స్టోర్ కీపర్ని. నా గోడౌన్‌లో నట్టు ఎక్కడుందో బోల్టు ఎక్కడుందో కళ్ళు మూసుకుని చెబుతాను. ఓ బండి నాకో లెక్కా?

రాజన్న అరగంట పాటు అన్నీ చూపించాడు. అలమరల గొళ్ళేలు, నీళ్ళ ట్యాంకు, గ్యాసు, ఎక్కే మెట్టు లోపలికి నెట్టే పద్ధతి. "ఇంకోటి సారు, గట్టి నేల మీదనే ఆపుండ్రి. ఇసుకల దిగకుండ్రి" అన్నాడు. నేను ఫోన్లో వీడియో తీశాను. మర్నాడు పెట్టి చూస్తే అందులో నా బొటనవేలు, దాని వెనక "తెలుసు, తెలుసు" అంటున్న నా గొంతూ తప్ప ఏమీ లేవు.

కాగితాల దగ్గర, "రెండో డ్రైవర్ పేరు రాయుండ్రి సారు" అన్నాడు.

"నేనే తోలతాను, అక్కర్లేదు."

"ఖాళీ ఉంచితే మా కఫీల్, గదే ఓనరు, కాయితం తీసుకోడు."

సరేనని మాణిక్యం పేరు రాశాను. ఆవిడకి ఎనిమిదేళ్ళుగా లైసెన్సుంది. కూరగాయల మార్కెట్టు దాకా కారు తోలుతుంది. అంతకంటే దూరమైతే స్టీరింగ్ నాదే. మా ఇంట్లో అది రాయని చట్టం. రెండు రాత్రులకి అద్దె తొంభై దినార్లు, మామూలు కారు లైసెన్సు చాలు.

మూడున్నరకి బండితో మహూజ్ వచ్చేసరికి బిల్డింగ్‌లో సగం మంది కిందే ఉన్నారు. మాణిక్యం సామాను ఎక్కించింది. నేను నాలుగు టైర్ల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టి, దణ్ణం పెట్టి, దర్జాగా బయల్దేరాను. వాచ్‌మన్ రెండు చేతులూ ఊపుతూ వెంట పరిగెత్తుకొచ్చాడు. ఎంత అభిమానం అనుకుని నేనూ చెయ్యి ఊపాను. అతను చూపిస్తున్నది నేను లోపలికి నెట్టడం మర్చిపోయిన మెట్టుని. కరకరమంటూ ఫుట్‌పాత్ అంచుని గీసుకుంటూ పోయాక తెలిసింది. దిగి చూస్తే మెట్టు ఓ పక్కకి వంగి ఉంది. బాల్కనీల్లోంచి జనం ఇంకా చూస్తూనే ఉన్నారు. పరువు గంగలో కలిసింది.

మొదటి రౌండెబౌట్ దగ్గర లోపల ఢాంమని చప్పుడు. గొళ్ళెం పెట్టని అలమర తెరుచుకుని ఆవకాయ జాడీ కింద పడింది. పాలకొల్లు నుంచి మాణిక్యం అక్క పంపిన జాడీ. నూనె, కారం, ముక్కలు, పింగాణీ పెంకులు నేలంతా పరుచుకున్నాయి.

"అయ్యో, మా అక్క చేత్తో కలిపిందండీ" అని మాత్రం అంది. ఆ తర్వాత రిఫా దాటేదాకా వంగి పెంకులు ఏరుతూనే ఉంది. తిడితే బాగుండును. ఆవిడ మనసులో మార్కులు తీసేస్తోందని నాకు అర్థమైంది.

ఐదు దాటాక సఖీర్ చేరాం. గుడారాల వరసలు, జెండాలు, దూరంగా తలలూపుతున్న నూనె పంపులు. మాకు కేటాయించిన చోటు గట్టి నేలే. పక్క గుడారంలో ఓ స్థానిక పెద్దాయన, ఆయన కుటుంబం. తెల్ల గడ్డం, నవ్వు మొహం. సలాం చెప్పి, "వెల్కమ్, వెల్కమ్" అన్నాడు.

పోయిన మార్కులు తిరిగి రాబట్టాలి కదా, నా దగ్గర ఓ ఆలోచన ఉంది. సంచీలోంచి చిన్న గిన్నె, పసుపు, కుంకుమ, పాల ప్యాకెట్టు తీశాను.

"ఏంటండీ ఇది?"

"పాలు పొంగిద్దాం. ఎంతైనా కొత్తిల్లు కదా."

"అద్దె బండికి గృహప్రవేశమా! మీకేమైనా మతిపోయిందా?" అంటూనే నవ్వింది. ఆ నవ్వు చాలనుకున్నాను.

తూర్పు వైపు పొంగితే మంచిదని గిన్నెని కాస్త వాల్చి పెట్టాను. పొంగాయి. ఎలా పొంగాయంటే, రెండు బర్నర్లనీ ముంచి, స్టవ్వు లోపలికి దిగి, మాడి, బండంతా పొగ. పొగ తగలగానే పైన అలారం చెవులు చిల్లులు పడేలా కూయడం మొదలుపెట్టింది. దాన్నెలా ఆపాలో రాజన్న చెప్పాడు, నేను తెలుసు తెలుసన్నాను. పెద్దాయన మంటలార్పే సిలిండర్ ఎత్తుకుని పరిగెత్తుకొచ్చాడు.

"ఆగ్ కిధర్? ఆగ్ కిధర్?"

"ఆగ్ నహీ భాయ్. దూధ్. నయా ఘర్, దూధ్ ఊపర్" అని మాణిక్యం తనకొచ్చిన హిందీలో చేతులు పైకెత్తి చూపించింది.

ఆయన గిన్నెకేసి, కుంకుమకేసి, నాకేసి చూశాడు. ఏమర్థమైందో గానీ మొహం విప్పారింది. "బరకా! మబ్రూక్, మబ్రూక్!" అని తన భాషలో శుభాకాంక్షలు చెప్పి, నా భుజం తట్టి, వాళ్ళింటి పెద్ద పళ్ళెం నిండా మాంసం కలిపిన అన్నం పంపించాడు. మాణిక్యానికి నీచు పడదని తెలిసి ఖర్జూరాలు, రొట్టెలు, తేనె విడిగా పంపించాడు. స్టవ్వు మాత్రం మళ్ళీ వెలగలేదు. తెచ్చుకున్న బియ్యం, కూరలు, పోపుల డబ్బా, అన్నీ దండగ. వంటింటి మార్కులు కూడా పోయాయనుకుంటూ పడుకున్నాను.

శుక్రవారం ఉదయం ఆరున్నర. నీళ్ళు పొదుపుగా వాడమని మాణిక్యానికి ఉపన్యాసం ఇచ్చి మొదట నేనే స్నానానికి వెళ్ళాను. వేడినీళ్ళు హాయిగా ఉన్నాయి. రెండు కీర్తనలు పాడుకున్నాను. మూడోది ఎత్తుకునేసరికి, తలకీ ఒంటికీ నిండా సబ్బున్నప్పుడు, నీళ్ళు ఆగిపోయాయి. ట్యాంకు ఖాళీ. తాగే నీళ్ళ సీసాలు ఒక్కొక్కటే నా నెత్తిన వంచుతూ, "పాడండి, ఆపారేం?" అంది మాణిక్యం. కొత్త బిచ్చగాడు పొద్దెరగడని ఊరికే అన్నారా!

ఒళ్ళు తుడుచుకుని బయటికొచ్చి చూస్తే ఇంకో సంగతి కనిపించింది. బండి తలుపు దక్షిణం వైపు ఉంది. దక్షిణ ద్వారం! నిన్నటినించీ జరుగుతున్నవన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. మెట్టు, జాడీ, స్టవ్వు, నీళ్ళు. ఇంకేం కావాలి? కాకినాడ ఫ్లాటు గురించి మాట్లాడినప్పుడల్లా మాణిక్యం, "తూర్పు గుమ్మమైతేనే" అంటుంది. గుమ్మం తూర్పుకి తిప్పితే ఆవిడ మనసూ తిరుగుతుందని నా ఆశ. ఆవిడ పెద్దాయన కోడళ్ళతో మాట్లాడుతుంటే చెప్పకుండా బండి స్టార్ట్ చేశాను.

చక్రాల బండికి వాస్తు చూసిన మనిషి ప్రపంచంలో నేనొక్కణ్ణే అయ్యుంటాను. ఉన్నచోట తిరగడానికి పక్క గుడారం తాళ్ళు అడ్డం. అందుకని కాస్త ముందుకి పోయి తిప్పాను. గుమ్మం సరిగ్గా తూర్పుకి వచ్చింది. వెనక చక్రాలు మెత్తటి ఇసుకలోకి దిగిపోయాయి. గాభరాపడి యాక్సిలేటర్ తొక్కాను. తొక్కినకొద్దీ ఇంకా దిగింది. వంగిన మెట్టు ఇసుకలో కూరుకుపోయి, తూర్పు గుమ్మం తెరుచుకోవడమే మానేసింది. ముందు వైపు వేరే తలుపు లేని బండి అది, కిటికీలోంచి దిగాను.

మాణిక్యం నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉంది. "ఎందుకు కదిపారండీ?"

"తూర్పు..." అన్నాను.

"నేనడిగానా?"

తొమ్మిదిన్నరకి రాజన్నకి ఫోన్ చేశాను. శుక్రవారం అతనికున్న ఒక్కగానొక్క సెలవు. "ఫికర్ చేయకుండ్రి సారు. లొకేషన్ పంపుండ్రి, నేనొస్తున్న" అన్నాడు. పదకొండున్నరకి ఓ స్నేహితుడు తన పికప్‌లో తెచ్చి దింపాడు, చెక్కలు, తాడు, పారతో. చక్రాల చుట్టూ చూసి, నన్ను చూసి, నవ్వాపుకున్నాడు. "గుమ్మం అయితే మంచిగనే తిరిగింది సారు" అన్నాడు.

టైర్లలో గాలి సగం తీశాడు. ఇసుక తవ్వి చక్రాల కింద చెక్కలు పెట్టాడు. పెద్దాయన తన జీపుకి తాడు కట్టాడు. నేను స్టీరింగ్ పట్టాను. బండి కదలగానే కింద చెక్క టప్పుమంది. నేను బ్రేక్ తొక్కాను. మళ్ళీ లాగారు. మళ్ళీ టప్పుమంది, మళ్ళీ తొక్కాను. మూడోసారి కూడా అంతే.

రాజన్న కిటికీ దగ్గరికొచ్చి మెల్లగా అన్నాడు. "సారు, మీ కాలు మీ మాట ఇంటలేదు. జర దిగుండ్రి."

"నువ్వెక్కు రాజన్నా."

"నాకు లైసెన్సు లేదు సారు. కాయితంల అమ్మ పేరుంది కదా. అమ్మా, మీరెక్కుండ్రి. చప్పుడైనా ఆగద్దు. నేను చెయ్యి ఎత్తేదాకా పోతనే ఉండుండ్రి."

మాణిక్యం ఒక్క క్షణం నాకేసి చూసింది. నేను కళ్ళు దించుకున్నాను. చీర కుచ్చెళ్ళు దోపి, కిటికీలోంచే ఎక్కింది. పెద్దాయన "యల్లా!" అని కేకేశాడు. చెక్క టప్పుమంది, ఆవిడ ఆగలేదు. బండి ఓ పక్కకి ఒరిగింది, నేను "అమ్మో" అన్నాను, ఆవిడ ఆగలేదు. ఇసుక చిమ్ముకుంటూ వచ్చి గట్టి నేలెక్కింది. రాజన్న చెయ్యి ఎత్తాడు. ఆవిడ అప్పుడూ ఆగలేదు! గుడారాల వరస చుట్టూ ఓ రౌండు కొట్టి, పిల్లలు ఈలలేస్తుంటే హారన్ మోగించుకుంటూ వచ్చి ఆపింది. గుమ్మం మళ్ళీ దక్షిణం వైపే.

దిగాక ఆవిడ మొహం చూశాను. ఇరవై ఎనిమిదేళ్ళ కాపురంలో ఆ మొహం నేను చూడలేదు. సంతోషం వేసింది, సిగ్గూ వేసింది.

రాజన్నని భోజనానికి ఉండమన్నాం. మెట్టు సుత్తితో సరిచేసి, టైర్లకి గాలి కొట్టి, ట్యాంకు నింపించి, పెద్దాయన మళ్ళీ పంపిన అన్నం మాతో కూర్చుని తిన్నాడు. "మా ఇంటిదానికి ఫోన్ల చెప్పిన. అమ్మ బండి తోలిందంటే నమ్ముతలేదు" అన్నాడు. సాయంత్రం మాణిక్యం చాప మీద కాళ్ళు చాపుకుని కూర్చుంది.

"స్టవ్వు పాడుచేశాను. ఒక్క పూటైనా వండుకోనివ్వలేదు" అన్నాను.

"పెళ్ళయ్యాక నేను స్టవ్వు వెలిగించని రోజు ఇదొక్కటేనండీ" అంది. ఫిర్యాదు చేసినట్టు లేదు. మామూలుగా, ఎండ బాగుందన్నట్టు అంది. స్టోర్ కీపర్ని కదా, ఇరవై ఎనిమిదేళ్ళకి ఎన్ని రోజులో మనసులోనే లెక్కవేశాను.

శనివారం తొమ్మిదిన్నరకి పెద్దాయన దగ్గర సెలవు తీసుకుని బయల్దేరాం. నేను అలవాటుగా డ్రైవర్ సీటు వైపు నడిచాను. ఆవిడ అప్పటికే అక్కడ కూర్చుని ఉంది. రిఫా, మనామా, వంతెన, ముహర్రక్. గలాలీ దాకా ఆవిడే తోలింది. గొళ్ళేలన్నీ నేనే పెట్టాను, మెట్టు నేనే నెట్టాను. రాజన్న స్టవ్వు చూసి, "ఇది నేను మంచిగ చేస్త గని, ఈసారి చాయ్ పెట్టుకోండ్రి, పాలు పొంగియ్యకుండ్రి" అన్నాడు.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని మాణిక్యం సముద్రం చూస్తోంది. ఉండబట్టలేక అడిగేశాను. "ఇంతకీ ఏమైంది, పాసా ఫెయిలా?"

"బండి పాస్" అంది. "మీరే ఫెయిల్."

"అదేంటి?"

"ఇల్లులా చేద్దామని చూశారు. ఇల్లే కావాలంటే ఇంట్లోనే ఉండేవాళ్ళం కదండీ! నాకు నచ్చింది అది ఇల్లు కాకపోవడమే. కొందాం. కానీ తాళంచెవులు నా దగ్గరుంటాయి. వాస్తు మీ దగ్గరే ఉంచుకోండి."

మహూజ్‌లో దిగేసరికి ఒంటిగంట. ఇంటికి రాగానే సోఫాలో కూలబడి, అలవాటు ప్రకారం టీ కోసం వంటింటి వైపు చూశాను. మాణిక్యం ఎదురుగా కుర్చీలో కూర్చుని కాళ్ళు చాపుకుంది. లేచే ఉద్దేశమేమీ ఉన్నట్టు లేదు. నేనే లేచాను. గిన్నెలో పాలు పోసి స్టవ్వు వెలిగించి, పొంగకుండా పక్కనే నిలబడి కాపలా కాశాను.