గుఢియారీలో పోటు

సముద్రానికి ఎంతో దూరాన, హిందీ మాట్లాడే గుఢియారీ బస్తీలో, రైలుపట్టాల పక్కన, పున్నయ్య రోజుకు రెండుసార్లు సముద్రాన్ని రప్పించేవాడు. పెరట్లో పెద్ద ప్లాస్టిక్ తొట్టి, అందులో బురద, పక్కన ఉప్పు బస్తా, బకెట్. చంద్రుడైనా ఆలస్యం కావొచ్చు గానీ ఆయన పోటు ఆలస్యమయ్యేది కాదు. రైల్వేలో రిటైరయ్యాక పట్టుకున్న పిచ్చి అది.

తొట్టిలో కాపురం ఒకే ఒక్క చేపది. గోదావరి సముద్రంలో కలిసే మొగ నుంచి తడి సంచిలో ఆరు తెస్తే అయిదు రైల్లోనే పోయాయి. మిగిలింది రెక్కలమీద పాకేది, తడి ఒంటితో గాలి పీల్చేది. ఆయన లోకాన్నంతా దాంతోనే కొలిచేవాడు. పెళ్లిచూపులకొచ్చిన కుర్రాణ్ణి "ఉప్పునీళ్లకి ఆగుతావా?" అని అడిగాడు. ఓసారి పాడె మోస్తూ మొప్పల సంగతి ఎత్తుకుంటే మిగతా ముగ్గురూ అడుగు తప్పారు.

దగ్గర్లోని ఉర్లాలో ఇనుప ఫ్యాక్టరీలో పనిచేసే పక్కవీధి కుర్రాడు కిరణ్‌కి ప్రమాదంలో కుడికాలు మోకాలి కింద పోయింది. ఇరవై రోజులు గోడవైపు తిరిగి పడుకున్నాడు. అన్నం ముట్టడు. తల్లి సూరమ్మ ఎలుకల మందు తీసుకెళ్లి పొరుగింట్లో దాచింది. చూడ్డానికొచ్చినవాళ్లు పళ్లు తెచ్చారు. పున్నయ్య తోపుడుబండి మీద తొట్టి తెచ్చి వాకిట్లో దించాడు.

"చేపకి కాళ్లొచ్చిన కథ చెప్పడానికొచ్చావా మావా?" అన్నాడు కిరణ్, గోడవైపే చూస్తూ.

"కాళ్లేం రాలేదురా. మొగలో ఓ పూట ఉప్పు, ఓ పూట మంచినీళ్లు, ఓ పూట నీళ్లే ఉండవు. తట్టుకోలేనివి చచ్చాయి. తట్టుకున్నవాటి పిల్లలు మిగిలాయి. లక్షల ఏళ్లు అదే తంతు. మొగ ఎవర్నీ బుజ్జగించదు."

"వాహ్! ఏం ఓదార్పు!"

"ఓదార్పు కాదు, పని. నాకు నడుం పట్టేసింది. పొద్దునోసారి, సాయంత్రమోసారి నీళ్లు మార్చు. లేకపోతే ఇదీ పోద్ది."

వెళ్లిపోయాడు. కిరణ్ మధ్యాహ్నం దాకా తిట్టాడు. సాయంత్రం డేకుతూ వాకిట్లోకి వచ్చాడు. చేప బురదమీదికి పాకి, ఉబ్బు కళ్లతో చూసింది. "క్యా దేఖ్‌తా హై బే?" అంటూ బకెట్ లాక్కున్నాడు. మర్నాడు ఖాళీ కడుపుతో బకెట్ లేవలేదు. "అమ్మా, అన్నం పెట్టు" అన్నాడు. సూరమ్మ గిన్నెతో సహా పరుగెత్తుకొచ్చింది.

నెల తర్వాత, పున్నయ్య నడుం ఎలా ఉందని ఎవరో అడిగితే, ఆయన భార్య పార్వతమ్మ నోరు జారింది. "నడుమా? మొన్నేగా బియ్యం బస్తా మోసుకొచ్చాడు! బురద తడిగా ఉంటే ఆ చేప వారమైనా ఉంటది. వాడు లేవకపోతే సూరమ్మ ఏమైపోద్దో అని ఇంట్లో ఒకటే గొణుగుడు."

ఆ చలికాలం కిరణ్ టీకొట్టు దగ్గర రెండు కాళ్లమీద నిలబడి, చుట్టూ జనాన్ని పోగేశాడు. "పున్నయ్య మావ నన్ను చేప ముందు కూర్చోబెట్టాడు. అంతే భయ్యా, మూడు నెలల్లో కాలు మొలిచింది!"

పున్నయ్య గ్లాసు బల్లమీద పెట్టాడు.

"మొలవలేదు. కొలతిచ్చి చేయించాం. అరంగుళం పొడుగొచ్చింది, తగ్గించుకు రావాలి, రేపు ఆరింటికి తయారుగా ఉండు."