బందరు రోడ్డుకి నేను చేసిన దిద్దుబాటు

ఆ రోజుల్లో ఫోన్లకి తెలుగు రాదు. ఇప్పుడు చంటిపిల్లలు కూడా ఫోన్ని నోటి దగ్గర పెట్టుకుని అది చూపించు, ఇది వినిపించు అంటే వినయంగా వింటోంది గానీ, ఆ వినడం దానికి ఎవరో కూర్చుని నేర్పారన్న సంగతి ఎవరికీ తోచదు. నేర్పినవాళ్లలో ఏ మూలనో నేనూ ఉన్నాను. గొప్ప చెప్పుకోవడానికి కాదు. నేను నేర్పినదాంట్లో చాలా భాగం తప్పు, ఆ తప్పు పుణ్యాన మా పెద్దమ్మ కళ్లద్దాలకని బయల్దేరి ఉయ్యూరు చూసొచ్చింది.

పత్రికలో సబ్ ఎడిటర్‌గా కాస్త కుదురుకుంటున్నాను అనుకునేసరికి మా ఎడిషన్ మూసేశారు. బెజవాడ గవర్నర్‌పేట టీ కొట్ల చుట్టూ కొన్నాళ్లు తిరిగాక, గన్నవరం దారిలో టైర్ల షాపు పైన రెండు గదుల్లో నడిచే ఓ చిన్న కంపెనీలో పని దొరికింది. ఫోన్ చేసి తెలుగులో అడిగితే బస్సు వేళలు చెప్పే మిషను తయారుచేస్తున్నారు వాళ్లు. కంపెనీ పెట్టినాయన్ని మేమంతా చాటుగా డేటా బాబాయ్ అనేవాళ్లం (తర్వాత తర్వాత ఎదురుగానే అనేవాళ్లం, ఆయన పలికేవాడు కూడా). మొదటి రోజే నన్ను కూర్చోబెట్టి, ఎంత ఖరీదైన కంప్యూటర్లు కొన్నా, ఎంత తెలివిగా ప్రోగ్రాములు రాసినా, లోపల పొయ్యడానికి జనం మాటలు లేకపోతే అదంతా ఉత్త ఖాళీ గ్రైండరేనని, పప్పు పోస్తేనే పిండి వస్తుందని చెప్పాడు. ఆ పప్పు తేవడం నా పని. మనుషుల చేత మాట్లాడించి రికార్డు చెయ్యాలి, విన్నది విన్నట్టు పక్కన టైపు చెయ్యాలి. ఆ చప్పుడునీ ఈ అక్షరాలనీ పక్కపక్కన పెట్టుకుని మిషను తనంతట తనే నేర్చుకుంటుంది. నెలాఖరుకి బస్సుల వాళ్లు వచ్చి చూస్తారు, వాళ్లకి నచ్చితే కంపెనీ ఉంటుంది, కంపెనీ ఉంటే నువ్వుంటావు అన్నాడాయన. ఒకసారి ఉద్యోగం పోయినవాడికి ఆ వరస మరోసారి చెప్పనక్కర్లేదు.

మాటలు ఎవరి దగ్గర దొరుకుతాయి అంటే నాకు భవానీపురంలో ఉన్న మా పెద్దమ్మ తప్ప ఎవరూ గుర్తురాలేదు. అమ్మ చనిపోయాక నన్ను చదివించింది ఆవిడే. మాటలే కదరా కావల్సింది, కిడ్నీ అడిగినట్టు అంత మొహమాటమెందుకు అని, ఆ సాయంత్రమే వీధిలో ఆడవాళ్లందర్నీ పోగేసింది. తీరా మైకు చూడగానే అందరి గొంతులూ మారిపోయాయి. పక్కింటి పంతులమ్మగారు జెండా వందనం నాటి ఉపన్యాసంలా అడిగారు. చర్చిలో ప్రార్థన నడిపించే ఆంటీ కళ్లు మూసుకుని, గుడివాడ బస్సు ఎప్పుడో దయతో తెలియజేయమని వేడుకుని, చివర్న ఆమెన్ అన్నారు. మీరు నిజంగా బస్టాండులో ఉన్నారనుకోండి అని నేను బతిమాలితే అప్పుడు కాస్త దారిలోకొచ్చారు. ఇహ అక్కణ్ణుంచి ఆగలేదు. మిషనుని ఏవండీ అని కొందరూ, ఏం బాబూ అని కొందరూ పిలిచారు. అడగాల్సింది అడిగేశాక ప్రతి ఒక్కరూ, అక్కడ ఎవరూ లేరని తెలిసి కూడా, థాంక్సండీ ఉంటానండీ అనే ముగించారు.

ఆఫీసుకొచ్చి టైపు చెయ్యడానికి కూర్చున్నాను. ఇక్కడే నాలోని సబ్ ఎడిటర్ నిద్రలేచాడు. మా డెస్కులో బెజవాడ అని రాస్తే విజయవాడ అని దిద్దాలి, బందరు అని రాస్తే మచిలీపట్నం అని దిద్దాలి. మనిషి ఎలా మాట్లాడినా అచ్చులో పద్ధతిగా కనబడాలి. ఆ చెయ్యి ఊరుకుంటుందా? ‘ఎల్తాది’ని ‘వెళుతుంది’ చేశాను. అండీలు కత్తిరించాను. థాంక్సండీలు వార్తకి అనవసరం కాబట్టి మొత్తానికే తీసేశాను. ఎక్కడ బందరు వినిపించినా చేతులు వాటంతటవే మచిలీపట్నం కొట్టేసేవి. అంత శుభ్రమైన కాపీ ఆ ఆఫీసు ఎరగదు. డేటా బాబాయ్ కూడా పైపైన చూసి, ఎడిటర్ గారి తెలుగే తెలుగు అని మెచ్చుకున్నాడు. నేను నిజమేననుకున్నాను.

మిషను ఓ మాదిరిగా తయారయ్యాక, గొంతులు ఇచ్చినవాళ్లకి నంబరిచ్చి వాడిచూడమన్నాం. సరిగ్గా అప్పుడే మా పెద్దమ్మ కళ్లద్దాలు విరిగాయి. కొత్తవి ఊళ్లోనే, బందరు రోడ్డులో ఉన్న కళ్లద్దాల షాపులో తయారుగా ఉన్నాయి. అవి లేకుండా బస్సు బోర్డు కనబడదు. మావాడి మిషనుండగా ఒకళ్లని అడిగే ఖర్మేమిటని బస్టాండు నుంచే ఫోన్ చేసి, బందరు రోడ్డెళ్లే బస్సెక్కడుందండీ అని అడిగింది. నేను నేర్పిన ప్రకారం దానికి బందరు అంటే మచిలీపట్నం. మచిలీపట్నం ఎక్స్‌ప్రెస్ బస్టాండులో బయలుదేరడానికి సిద్ధంగా ఉంది అని మర్యాదగా చెప్పింది. ఎలాగూ ఆ బస్సు బందరు రోడ్డు మీదుగానే పోతుంది కదా, మధ్యలో దింపమందాం అనుకుని ఎక్కేసింది పెద్దమ్మ. కండక్టరు మాత్రం, ఇది ఎక్స్‌ప్రెసండీ, ఉయ్యూరు దాకా ఆగదు అన్నాడు. మీరు మిషను మాట విని మోసపోయారని పక్క సీట్లవాళ్లంటే ఆవిడ ఒప్పుకోలేదట. మావాడు చేసిన మిషను, దానికి తెలీకుండా చెప్పదు, ఉయ్యూరు దాకా ఏదో పనుండే పంపించుంటుంది అని బస్సంతా వినేలా వాదించిందట.

ఉయ్యూరు నుంచి ఆవిడ ఫోన్ చేసినప్పుడు నేను డేటా బాబాయ్ ఎదురుగానే ఉన్నాను. ఆయన విషయమంతా విన్నాడు, నా టైపు కాగితాలు తెప్పించాడు, రికార్డింగు పెట్టి రెండూ పక్కపక్కన చూశాడు. కోప్పడలేదు. అదే భయమేసింది.

“ఎడిటర్ గారూ, జనం ఏమన్నారో రాయమన్నానండీ. ఏమనాల్సిందో రాశారు మీరు.”

ఆ టైపంతా పనికిరాదని, బస్సుల వాళ్లు వచ్చేదాకా మిగిలిన కొద్ది రోజుల్లో ఉన్న రికార్డింగులన్నీ మళ్లీ రాసినా చాలవని, కొత్త గొంతులు ఎక్కడ దొరుకుతాయో తెలీదని ఆయన తనలో తను అనుకుంటుంటే, నేను మళ్లీ టీ కొట్ల గురించి ఆలోచించసాగాను. సాయంత్రం పెద్దమ్మ దగ్గరికి వెళ్లి, నావల్ల నీకిన్ని తిప్పలొచ్చాయే అన్నాను. ఆవిడ కొత్త కళ్లద్దాలు పెట్టుకుని నన్ను పరీక్షగా చూసి, మొహం అలా పెట్టుకున్నావేంట్రా, ఉద్యోగం గాని పోయిందా అంది. పోయేటట్టే ఉంది, మాటలు చాలట్లేదు అన్నాను.

“చాలకపోవడమేంట్రా నాన్నా? వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ రెండు బస్సుల్లోనూ అందరికీ మీ నంబరిచ్చాను. మావాడి మిషనుకి మాటలు సరిగ్గా రావట్లేదు, మీరంతా కాస్త ఫోన్ చేసి మాట్లాడండమ్మా అని చెప్పాను.”

నేను నమ్మలేదు. మర్నాడు ఆఫీసుకెళ్తే అప్పటికే ఫోన్లు మొదలయ్యాయి. కంకిపాడు, ఉయ్యూరు, పామర్రు, చివరికి బందరు నుంచి కూడా. (మీ మాటలు మేం నేర్చుకోవడానికి దాచుకుంటాం అని మిషను ముందే చెప్పేది. దాచుకో బాబూ, ఏం పోయింది అనేవాళ్లు.) చేపల బుట్టలతో బస్సు ఎక్కనిస్తారో లేదో అడిగినావిడ ఒకరు. అసలు బస్సు ఊసే ఎత్తకుండా, ఆ పెద్దావిడకి కళ్లద్దాలు దొరికాయా అని కనుక్కున్నాయన ఒకరు. బస్సులో కూర్చున్నవాళ్లు వాళ్లింట్లోవాళ్లకీ చెప్పినట్టున్నారు, వారమంతా వస్తూనే ఉన్నాయి. నేను చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని, దిద్దే చేతిని అదుపులో పెట్టుకుని, ఎల్తాదిని ఎల్తాదిగా, బందరుని బందరుగా, ప్రతి థాంక్సండీనీ పొల్లు పోకుండా రాశాను. థాంక్సండీ అంటే మిషను ఏం బదులు చెప్పాలో కూడా రాసిపెట్టాను.

బస్సుల వాళ్లు వచ్చిన రోజున వాళ్లలో పెద్దాయన ఫోనందుకుని, ఎవరూ నేర్పకుండానే, బందరు రోడ్డెళ్లే బస్సెప్పుడమ్మా అన్నాడు. మిషను సిటీ బస్సే చెప్పింది. ఆయన తలూపి, అలవాటు కొద్దీ థాంక్సండీ అన్నాడు. పర్లేదండీ, జాగ్రత్తగా వెళ్లండి అంది మిషను. ఆయన ఫోన్ని ఒకసారి ఎగాదిగా చూసి, ఇది మనవైపుదేనయ్యా అన్నాడు. కంపెనీ ఉంది. నేనూ ఉన్నాను.

ఆ మిషను కాలం చెల్లి చాలా ఏళ్లయింది. ఇప్పటివి అంతకు ఎన్నో రెట్లు తెలివైనవి, ఎవరెవరి మాటలు తిని పెరిగాయో వాటికీ తెలీదు, మనకీ తెలీదు. నేను మాత్రం వాటితో పనయ్యాక థాంక్సండీ అనకుండా ఫోను కింద పెట్టలేను. మా అమ్మాయికి అదో తమాషా. మొన్న పక్కనే కూర్చుని నవ్వుతూ, అది మనిషి కాదు నాన్నా, ఎవరికి చెబుతున్నావు థాంక్స్ అంది.

ఉయ్యూరు బస్సులో వాళ్లకి, అన్నాను.