ఆవకాయ నూనె తగిలిన జేడ్ కడియం

2022లో, దుబాయ్ దేరాలోని మా రత్నపరీక్షశాలలో, ఇన్‌ఫ్రారెడ్ యంత్రం అరలో ఒక నర్సు చేయి ఇరుక్కుపోయింది. నేను అక్కడ సీనియర్ పరీక్షకుణ్ణి. యంత్రం బాధ్యత నాది. చేయి బాధ్యత కూడా నాదేనని మా ముదీర్, అంటే మేనేజరు, అద్దాల తలుపు అవతలి నుంచే సైగ చేశాడు.

ఆమె పేరు సువార్త, ఊరు కాకినాడ. తాను సేవ చేసిన ఒక చైనా ముసలావిడ, జేడ్ అనే ఆకుపచ్చ రాతితో చేసిన తన కడియాన్ని సబ్బునీళ్లు రాసి ఈమె చేతికి ఎక్కించింది. చైనావాళ్లకు జేడ్ అంటే నగ మాత్రమే కాదు. ఒంటిని అంటిపెట్టుకుని కాపు కాస్తుందని, పగిలిందంటే మనిషికి రావలసిన గండాన్ని అది తీసుకుందని వాళ్ల నమ్మకం. కడియం ఎక్కింది గానీ దిగలేదు. వార్డులో నర్సుల చేతులకు ఏమీ ఉండకూడదు. శనివారంలోగా తీయకపోతే డ్యూటీ నుంచి తప్పిస్తామని హెడ్ నర్సు చెప్పేసింది.

"అసలుదైతే ఎలాగోలా తంటాలు పడతానండి. నకిలీదైతే ఇక్కడే పగలగొట్టెయ్యండి సార్. దొంగ రాయి గండాలేం తీసుకుంటుంది?" అంది సువార్త.

గాజు కాదని భూతద్దంలోనే తెలిసింది. అయితే నాసిరకం జేడ్‌ను ఆమ్లంలో నానబెట్టి, పగుళ్లలో ప్లాస్టిక్ జిగురు నింపి అమ్మేవాళ్లున్నారు. దాన్ని పట్టేది ఆ యంత్రమే. అందులో రాయిని ఒక్కదాన్నే పెట్టాలి. మేం చేతితో సహా పెట్టాం.

"పిడికిలి బిగించొద్దక్కా! మిషన్ని కొడతాండావా ఏంది?" అన్నాడు కడప నుంచి వచ్చిన మా టెక్నీషియన్ ఖాదర్.

"నీ మిషనే నన్ను పట్టుకుంది బాబూ!"

ఖాదర్ తన టిఫిన్ డబ్బా తెరిచి, ఆవకాయ మీద తేలిన నూనెను ఆమె మణికట్టుకు పట్టించాడు. చేయి బయటికొచ్చింది. కడియం లోపలే ఉండిపోయింది.

"ఖలాస్!" అన్నాడు ఖాదర్.

రాయి ఒంటరిగా దొరికింది కదా అని నేను వెంటనే మీట నొక్కాను. జిగురు ఉంటే రావలసిన గీతలే తెరమీద వచ్చాయి. నూనె ఉన్నా అవే వస్తాయి. శుభ్రం చేసి మళ్లీ చూస్తానన్నాను.

సువార్త అప్పటికే కడియాన్ని అరలోంచి తీసి చున్నీ కొంగున మూట కట్టింది. "వద్దులెండి. దిగింది కదా, ఇంక పగలగొట్టే పనేముంది?"

ఆ తర్వాత ఎవరు రాయి తెచ్చినా, జవాబు తెలిస్తే ఏం చేస్తారని ముందు అడిగేవాణ్ణి. చాలామందికి పరీక్షే అవసరమయ్యేది కాదు. ఆ కడియంలో మేం చూసింది జిగురో, ఖాదర్ వాళ్లమ్మ పెట్టిన ఆవకాయో ఇప్పటికీ తేలలేదు.