అక్క విప్పని ముడి

మా వదినను అందరూ ‘వాగు పోలీసు’ అంటారు. ఆవిడకు లాఠీ లేదు, టోపీ లేదు. ఉన్నదల్లా మున్సిపాలిటీ వాళ్లిచ్చిన ఖాకీ కోటు, ఒక ఈల, ఎవరికీ జంకని నోరు. చేపలు గుడ్లు పెట్టే కాలంలో వాగొడ్డున వల వేయకూడదని, తుంగ కోయకూడదని నిబంధన పెట్టినప్పుడు దాన్ని నిజంగా నమ్మిన మనిషి ఊరు మొత్తానికి ఆవిడొక్కతే. ఆ నమ్మకమే ఆవిడ కొంప ముంచింది.

ఆవిడ పుట్టిల్లు చాపలల్లే ఇల్లు. తల్లి పోయాక తమ్ముణ్ణి చంకనెత్తుకుని పెంచింది ఆవిడే. తుంగ కోయడం, ఎండబెట్టడం, ముడి వేయడం కూడా తనే నేర్పింది. చాపలవాళ్లు ఒక దుబ్బులో సగం కోస్తే, మిగిలిన సగం కొసలు కలిపి ముడి వేసి వస్తారు. ఇది నాది, ముట్టుకోకండి అని దానర్థం. ఒక్కో ఇంటిది ఒక్కో రకం ముడి.

ఒక ఏడు నిషేధం ఎత్తేయకముందే తమ్ముడికి తుంగ అయిపోయింది. మగ్గం ఖాళీగా ఉంటే వాడి చేతులు ఊరుకోవు. తెల్లారుతూనే వెళ్లి ఒక దుబ్బు సగం కోసుకొచ్చాడు. కోసినవాడు ఊరుకున్నాడా? అలవాటు చొప్పున మిగతా సగానికి ముడి వేసి మరీ వచ్చాడు. దొంగతనం చేసి గోడ మీద పేరు రాసి వచ్చినట్టు!

కాసేపటికి వదిన ఆ ముడి చూసింది. చుట్టూ ఎవరూ లేరు. విప్పేస్తే సరిపోయేది. నేనైతే విప్పేసేవాణ్ణి, అబద్ధమెందుకు? ఆవిడ విప్పలేదు. నేరుగా ఆఫీసుకు వెళ్లి చెప్పేసింది.

“మా పుట్టింటి ముడే అక్కడుంటే, రేపు ఇంకొకళ్లని ఏ మొహం పెట్టుకుని ఆపను?” అంది నాతో.

కొడవలి లాక్కున్నారు. తుంగ కోసే హక్కు శాశ్వతంగా తీసేశారు. మగ్గం అటకెక్కింది. తమ్ముడు మిల్లులో బస్తాలు మోయడానికి పోయాడు, అక్క గడప తొక్కడం మానేశాడు. వాడికిష్టమైన కూర వండి వదిన నాచేత పంపేది. మూత కూడా తీయకుండా గిన్నె తిప్పి పంపేవాడు. ఆ చల్లారిన కూరే ఆవిడ అన్నంలో కలుపుకునేది. వాడు మళ్లీ ఒక్కసారి ‘అక్కా’ అని పిలిస్తే చాలు, ఆవిడ బెంగంతా అదే.

నిరుడు, సరిగ్గా గుడ్లు పెట్టే కాలంలోనే, వాగులోకి జేసీబీ దిగింది. చేపల్ని, పక్షుల్ని జనం చూసి సంతోషించడానికి ఒడ్డు పొడుగునా సిమెంటు బాట వేస్తారట. వదిన ఈల ఊదుకుంటూ వెళ్లి దానికి అడ్డం నిలబడింది.

“తప్పుకోండమ్మా,” అన్నాడు ఇంజనీరు.

“గుడ్లున్నాయి బాబూ! కొన్నాళ్లు ఆగండి. నిబంధన పెట్టింది మీరే కదా?”

“నిబంధన జనానికమ్మా. ఆఫీసు చేసేదంతా రక్షణ కోసమే.”

కంచే చేను మేస్తే ఇక కాపాడేదెవరు? సాయంత్రానికి ఒడ్డు గుండు కొట్టించుకున్నట్టయింది. ఒక్క దుబ్బు మిగల్లేదు. పెద్దమనుషులు చప్పట్లు కొట్టారు, ఫొటోలు దిగారు. వాళ్ల సిగ్గు తగలెయ్య!

మర్నాడు వదిన ఆఫీసు గోదాము తెరిపించి, తుప్పు పట్టిన ఆ కొడవలి అడిగి తెచ్చుకుంది. నన్ను తోడు తీసుకుని తమ్ముడింటికి వెళ్లింది. వాడు వాకిట్లో కూర్చుని భుజానికి నూనె రాసుకుంటున్నాడు.

“తీసుకోరా. తప్పు నాదే,” అంది.

వాడు కొడవలి అందుకుని బొటనవేలితో పదును చూశాడు.

“నీ తప్పేం లేదులే అక్కా.”

ఇన్నేళ్లకు ఆ పిలుపు. వదిన కళ్లు నిండాయి. వాడు మాత్రం కొడవలి తిరిగి ఆవిడ చేతిలోనే పెట్టాడు.

“నువ్వే ఉంచుకో. కోయడానికి అక్కడేం మిగిల్చారని?”

లోపలికెళ్లి తలుపేసుకున్నాడు.

వదిన ఇప్పటికీ కాపలా కాస్తూనే ఉంది, సిమెంటు బాట మొదట్లో, అదే ఖాకీ కోటులో. ఆవిడ కుర్చీ పక్కన కొత్త బోర్డు పాతారు: ‘తుంగ కోయరాదు.’